ఎర్రచందనపు ఎగుమతి చరిత్ర - ఒక విమర్శ

చిత్తూరునుండి బెంగుళూరు పోవు రాజమార్గము మొగిలి కనుమ నెక్కి పలమనేరు పీఠభూమిని చేరును. ఈ పీఠభూమి ఎర్రచందనమునకు పుట్టిల్లు కాదు. ఆ చెట్టు ప్రధానముగా తిరుపతి, కోడూరు, రాజంపేటల చుట్టునున్న శేషాచలము కొండలలోను, వానిని ఆనుకొనిన పాలకొండ, లంకమల, వెలికొండ పంక్తులలోను పెరుగును. ఐనను ఎర్రచందనపు దుంగల వార్త పలమనేరువారికి క్రొత్తది కాదు. అడవి తూర్పున, పెద్ద నగరము పడమట, నడుమ ఈ ఊరు. దొంగచాటున నరికిన కర్ర పడమటికి తరలిపోవు దారులలో ఇది యొకటి. ఇచటి ఉన్నత పాఠశాలలో ఏ విద్యార్థి నడిగినను ఎర్రచందనము మిక్కిలి విలువైనదని వెంటనే చెప్పును. ఆ విలువ ఎందువలన వచ్చినదని అడిగినచో జవాబులు పలు విధములుగా నుండును. మందులకని ఒకడు, అణురియాక్టర్లకని ఒకడు, జపానువారి వీణలకని మరియొకడు చెప్పును.

ఈ గందరగోళమునకు విద్యార్థులను తప్పుపట్టుట న్యాయము కాదు. ఎర్రచందనపు విదేశీ వర్తకమును గూర్చి ఇంతవరకు వచ్చిన వ్రాతలను చూచినచో, ఆంగ్లేయుల కాలపు వస్తుకోశములు మొదలుకొని నేటి చలనచిత్రము వరకు, దాదాపు అన్నియు కథను ఓడరేవువద్దనే ప్రారంభించినవి. కొన్నవాడు ఎవడు, ఎందుకు కొన్నాడు, ఎంత బరువు కొన్నాడు అను వివరములే చరిత్రగా చలామణి యగుచున్నవి. దుంగ కాకమునుపు అది చెట్టు అను సంగతియు, ఆ చెట్టును గూర్చిన శాస్త్రజ్ఞానము ఎవరివద్ద నుండెనను ప్రశ్నయు వానిలో కనబడవు. ఈ లోపము చిన్నది కాదు. చెట్టున్న దేశము శతాబ్దుల తరబడి దుంగలనే ఎందుకు అమ్ముకొనవలసి వచ్చినదో ఆ వ్రాతలవలన తెలియదు.

ముందు పేరు విషయము. చందనమను మాట వినగానే సువాసన గుర్తుకు వచ్చును. ఎర్రచందనమునకు సువాసన లేదు. శ్రీగంధము వేరు కుటుంబమునకు చెందినది; ఇతర వృక్షముల వేళ్ళనుండి కొంత ఆహారమును గ్రహించుచు బ్రదుకును. ఎర్రచందనము చిక్కుడు, కంది, వేగిస చేరిన కుటుంబములోనిది. దానికి టెరోకార్పస్ సాంటలైనస్ అని శాస్త్రనామము పెట్టినవాడు లిన్నేయస్ కుమారుడు. ఆ పేరు 1782లో అచ్చైనది. టెరోకార్పస్ అనగా రెక్కగల కాయ. ఆకు సాధారణముగా మూడు పత్రకములు కలది. కాయ చుట్టును గుండ్రని రెక్క యుండును. ఇక బండిగురివింద చెట్టును కూడ కొన్ని ప్రాంతములవారు రక్తచందనమనియే పిలుతురు. ఒక పేరుతో రెండు చెట్లు, ఒక చెట్టునకు నాలుగు పేర్లు: వర్తకపు లెక్కలు చదువువాడు మొదట దాటవలసిన గండము ఇది. పాత చరిత్రలు అనేకము దీనిని దాటకయే ముందునకు సాగినవి.

ఉదాహరణకు, మధ్యయుగపు ఇంగ్లండు వంటలలో ‘సాండర్స్’ అను ఎర్రని పొడిని రంగుకొరకు వేసెడివారు. సుమారు 1390 నాటి రాజభవనపు వంటల పుస్తకములో ఆ పేరు అనేక పర్యాయములు వచ్చును. ఇది భారతదేశపు ఎర్రచందనమే అని సాధారణముగా అందరు అంగీకరింతురు. 1563లో గోవాలో తన గ్రంథమును ప్రచురించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా ఎర్రచందనమును, సువాసనగల చందనమును వేరు వేరుగా చూపెను. డచ్చి, జర్మను వర్తకులు దీనిని ‘కలియతూరు కొయ్య’ అని పిలిచిరి. ఐరోపా మందుల అంగళ్ళలో లావెండరు కషాయమునకు ఎర్ర రంగు నిచ్చుటకు కూడ దీనిని వాడిరి. ఇన్ని పేర్లు, ఇన్ని ఉపయోగములు గ్రంథములలో కలవు గాని, ఈ కర్ర ఏ కొండలనుండి, ఎవరి బండ్లమీద కోరమాండలు తీరమునకు దిగివచ్చెనను వివరము మాత్రము వానిలో వెదకినను దొరకదు.

ఓడలలో దాని స్థానమును గమనించినచో సంగతి ఇంకను స్పష్టపడును. తేలికయైన బట్టల మూటలతో నిండిన ఓడ సముద్రముమీద ఒరిగిపోవును. కనుక అడుగున బరువైన వస్తువేదైన వేయవలెను. రాళ్ళు వేసినచో రేవు చేరిన పిదప అవి పనికిరావు. ఎర్రచందనమైనచో ఓడను నిలబెట్టును, దిగిన పిమ్మట అమ్ముడుపోవును. ఆంగ్లేయ కంపెనీ ఓడలు మదరాసునుండి ‘రెడ్‌వుడ్’ అను పేరుతో ఈ కర్రను ఈ విధముగనే తీసికొని పోయెడివి. దీని చేవ నీటికంటె సుమారు 1.1 రెట్లు బరువైనది; నీటిలో వేసినచో మునుగును. ఆ బరువే దానికి ఓడలో చోటు సంపాదించెను. కాని బరువు పూరించుటకు పోయిన వస్తువునకు ధర ఎప్పుడును తక్కువగనే కట్టుదురు. కంపెనీ లెక్కలు చూచి ఎర్రచందనమునకు ఆనాడు విలువ లేదనుకొనుట ఎంత పొరపాటో, నేటి ధర చూచి దానికి సహజముగనే గొప్ప విలువ కలదనుకొనుటయు అంతే పొరపాటు.

రంగు సంగతి ఇంతకంటె ఆసక్తికరమైనది. ఎర్రచందనపు రంగునకు మూలమైన సాంటలిను నీటిలో కరగదు. సారాయిలో కరగి చక్కని ఎరుపు నిచ్చును. పాఠశాలలో దీనిని సులభముగ చూపవచ్చును. ఒక పరీక్షనాళికలో నీరు, వేరొకదానిలో స్పిరిటు పోసి, రెంటిలోను చిటికెడు పొడి వేసి కొంతసేపు కదల్పకుండ నుంచినచో, నీటిలోని పొడి చాలవరకు అడుగునకు దిగును, స్పిరిటు ఎర్రబడును. ఇంటిలో సానరాతిమీద అరగదీసినపుడు వచ్చు ఎర్రని గంధములో రంగు కరగినది కాదు. సన్నని పొడి నీటిలో కలిసి నిలిచినది మాత్రమే. 19వ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి రసాయనజ్ఞుడు పెల్తియే ఈ వర్ణద్రవ్యమును పరిశీలించెను. నీటిలో కరగని ఎర్రకొయ్యలను ఐరోపా అద్దకమువారు ఒక తరగతిగా చేసి, ఎర్రచందనముతో పాటు పశ్చిమ ఆఫ్రికానుండి వచ్చు క్యామ్‌వుడ్డు, బార్‌వుడ్డులను కూడ అందులోనే చేర్చిరి. ఉన్నిబట్టలకు ఈ మూటిని ఒకదానికి బదులు మరొకదానిని వాడుట కలదు. కొనువానికి రంగు ముఖ్యము గాని చెట్టు ముఖ్యము కాదు కదా!

మరి మన తీరపు అద్దకమువారు దీనిని వాడిరా? కోరమాండలు తీరపు నూలుబట్టల ఎరుపు ప్రపంచ ప్రసిద్ధమైనది. ఆ ఎరుపు ప్రధానముగా చిరివేరునుండి వచ్చినది, ఎర్రచందనమునుండి కాదు. శ్రీకాళహస్తి కలంకారి పనివారికి ఈ తేడా పుస్తకములు చెప్పనక్కరలేదు. శేషాచలము ఆ ఊరికి ఎంతో దూరము కాదు. ఐనను ప్రక్క కొండలోని ఎర్రకర్రను కాదని, ఇసుకనేలలలోని వేరును త్రవ్వి తెచ్చుకొనిరి. నూలుమీద పటికతో కలిసి గట్టిగా నిలుచు రంగు వారికి కావలెను. దీనినిబట్టి చూడగా, వస్తుకోశములలో ఎర్రచందనమునకు మొదట తగిలించిన ‘అద్దకపు కొయ్య’ అను బిరుదు లండను, ఆమ్‌స్టర్‌డాములు ఇచ్చినది.

ఆ కోశములలో ప్రధానమైనది సర్ జార్జి వాట్ కూర్చిన ‘భారతదేశపు ఆర్థికోత్పత్తుల నిఘంటువు’. 1889లో మొదలై ఐదారేండ్లలో పూర్తియైన ఈ గ్రంథము మహాపరిశ్రమ ఫలితము. నేటికిని దానిని తెరువక ఈ విషయమున పని చేయుట కష్టము. ప్రతి మొక్కను రంగు, మందు, కలప, గృహోపయోగము అను శీర్షికల క్రింద విడదీసి, దొరికిన సమాచారమునంతటిని అందులో సర్దిరి. ఆ పద్ధతిలో గొప్ప సౌలభ్యమున్నది; దోషమును అచటనే యున్నది. శీర్షికలన్నియు ఉపయోగములు. చెట్టు ఎన్నేండ్లకు చేవ పట్టును, ఏ నేలలో ఎట్టి చేవ పట్టును, నరికిన మోడునుండి వచ్చు పిలకలు ఎంతకాలమునకు దుంగ లగును అను ప్రశ్నలకు అందులో ఒక గడి లేదు. గడి లేనప్పుడు ఆ సమాచారమును సేకరింపవలెనను ఆలోచనయు పుట్టదు. వాట్ పండితునికి తెలియక కాదు. ఆయన ఉద్యోగమే ప్రభుత్వమునకు అమ్మదగిన వస్తువులను గూర్చి నివేదించుట.

అడవిలో తిరిగినవారి వ్రాతలు ఇంతకంటె మేలు. 1860 నుండి 1882 వరకు మదరాసు అడవుల సంరక్షకుడుగా నుండిన బెడ్డోము దక్షిణభారత వృక్షసంపదను గూర్చి చిత్రములతో గ్రంథము వెలువరించెను. గాంబిలు 1881లో మొదట ప్రచురించి 1902లో పెంచి వ్రాసిన ‘భారతీయ కలపల కరదీపిక’ కొయ్య నిర్మాణమును భూతద్దముతో చూచి వర్ణించును. అందులో ఎర్రచందనము నల్లబారిన ఎరుపు చేవతో, రాతివంటి గట్టిదనముతో మన కండ్ల ఎదుట నిలుచును. అది కేవలము ఎగుమతి సరుకు కాదనియు మనకు గుర్తుకు వచ్చును. చుట్టుపట్ల పల్లెలలో ఇది ఇంటి స్తంభము, సేద్యపు పనిముట్టు. తిరుపతిలో ఇది బొమ్మ. పెండ్లికూతురికి ఇచ్చు జంట బొమ్మలు, కొలువులో నిలుపు బొమ్మలు చెక్కిన శిల్పులకు ఈ కర్ర గుణము తరతరములుగా తెలిసినదే. చెదలు ముట్టదని, పగుళ్ళు తక్కువని, సన్నని చెక్కడమునకు నిలుచునని వారెరుగుదురు. ఈ జ్ఞానము పుస్తకమునకు ఎక్కలేదు. ఎక్కిన కొద్దిపాటియు ‘స్థానిక ఉపయోగములు’ అను ఒక వాక్యములో ముగిసినది. పెరటి చెట్టు మందుకు రాదన్నది మనము చెప్పుకొను సామెత. ఈ విషయమున పరాయివాడును అదే పని చేసెను.

1856లో పెర్కిను తారునుండి ఊదారంగును తీసెను. 1868లో గ్రేబె, లీబర్మనులు మంజిష్ఠలోని ఎరుపును ప్రయోగశాలలో తయారుచేసిరి. తరువాతి ఇరువది ఏండ్లలో కృత్రిమ రంగులు కొయ్యల రంగులను విపణినుండి తరిమినవి. చిరివేరు త్రవ్వువారి జీవనోపాధి పోయెను. ఎర్రచందనమునకు అద్దకపు గిరాకి తగ్గిపోయెను. ఇచట మన వర్తకచరిత్రలు ఎర్రచందనపు ప్రాముఖ్యము తగ్గినదని వ్రాసి పుట త్రిప్పును. ఎవరికి తగ్గినది? శేషాచలములో చెట్టు మునుపటి చెట్టే. తిరుపతి శిల్పి ఉలి ఆగలేదు. కొనువాడు వెళ్ళిపోగా చరిత్రకారుడును వానివెంటనే ఓడ ఎక్కినాడు.

దీనికి ప్రక్కనే మరియొక చందనపు చరిత్రను పెట్టి చూడవలెను. పలమనేరునుండి పడమటికి కొన్ని మైళ్ళు పోయినచో ఒకప్పటి మైసూరు సంస్థానపు సరిహద్దు. అచట శ్రీగంధపు చెట్టు టిప్పు కాలమునుండి రాచసొత్తు. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు మైసూరు గంధపు చెక్కయు దుంగగనే విదేశములకు, ముఖ్యముగా జర్మనీకి పోయి అచట నూనెగా మారెడిది. 1914లో యుద్ధము వచ్చి ఓడలు ఆగిపోయెను. చెక్క గుట్టలుగా పడియుండెను. అప్పుడు సంస్థానము ఊరకుండలేదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో సడ్‌బరో, వాట్సన్ అను రసాయనజ్ఞులు నూనె తీయు పద్ధతిని పరిశోధించిరి. 1916లో బెంగుళూరులో ప్రభుత్వ తైల కర్మాగారము పనిచేయసాగెను. పిదప సబ్బు వచ్చెను. ఆ కథ అంతయు శుభమే అనుటకు వీలులేదు. చెట్టంతయు ప్రభుత్వ సొత్తైనందున రైతు తన పొలములో గంధపు మొక్కను పెరుగనిచ్చుటకు వెనుకాడెను. దొంగరవాణా అచటను పెరిగెను. ఐనను ఒక సంగతి కాదనరానిది: చెక్కలో నున్నదేమో, దానిని వెలికి తీయుటెట్లో తెలిసిన విద్య కొన్ని నెలలలో చెట్టున్న దేశమునకు చేరినది.

ఎర్రచందనమునకు అట్టి 1916 రాలేదు. మదరాసు రాజధానిలో అడవుల చట్టము 1882లో వచ్చెను, రిజర్వు అడవులు ఏర్పడెను, నరుకుడు నియమములకు లోబడెను. అవి అడవిని కాపాడుటకు కొంత తోడ్పడినవి. కాని ఉత్తర ఆర్కాటు జిల్లాలో గాని, 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో గాని ఈ కర్రకొరకు ఒక ప్రయోగశాల వెలసినట్లు చరిత్ర చెప్పదు. రాబోవు గిరాకి ఎచటినుండి వచ్చునో, ఏ గుణమును కోరి వచ్చునో ఊహించువారును లేకపోయిరి.

ఆ గిరాకి 20వ శతాబ్దిలో జపాను, చైనాలనుండి వచ్చెను. ఈసారి కోరిక రంగు కాదు. జపానులో షామిసెన్ అను మూడు తంత్రుల వాద్యమున్నది. దాని పొడవైన మెడను ‘కోకి’ అను కర్రతో చేసినచో శ్రేష్ఠమందురు. కోకి మన ఎర్రచందనమే. మెడమీద తంత్రులను అదిమి పట్టుదురు గనుక కర్ర గట్టిగా నుండవలెను, వంగరాదు, వేలి రాపిడికి అరగరాదు. చేవలో అలలవలె పోవు పోగు కనబడినచో దానికి మరింత వెల. ఈ అలల పోగు ఏ చెట్టులో నుండునో పైకి చూచి చెప్పుట బహుకష్టము. ఇది వంశపారంపర్యమా, నేల ప్రభావమా అను ప్రశ్న నేటికిని పూర్తిగా తేలలేదు. చెట్టును నరికిన తరువాత మాత్రమే తెలియు గుణమునకు అధిక ధర పలుకుట అడవికి ఎంత చేటో ఉపాధ్యాయులు సులభముగ గ్రహింతురు. వెదకువాడు ఒకటి దొరకుటకు పది నరుకును.

చైనాలో ‘జితాన్’ అను పేరుగల ముదురు ఊదా రంగు కర్రతో చేసిన ఆసనములు, పెట్టెలు మింగు, చింగు చక్రవర్తుల కాలమున రాజభోగములు. 18వ శతాబ్దిలో చియెన్‌లుంగు చక్రవర్తి అంతఃపుర కర్మశాలలలో దీనికి అగ్రస్థానము. పాత వస్తువులన్నియు ఎర్రచందనముతో చేసినవే అనుట సాహసమగును. ప్రతిదానిని సూక్ష్మదర్శినితో చూడవలెను. కాని 2000లో చైనా ప్రభుత్వము విలువైన ఎర్రకలపలకు జాతీయ ప్రమాణము నిర్ణయించినపుడు, జితాన్ తరగతిలో ఒకే ఒక జాతిని నిలిపినది. అది టెరోకార్పస్ సాంటలైనస్. కొనువారి దేశములో కొయ్యశాస్త్రము ఎంత పనిచేసినదో ఇందువలన తెలియును. కణముల అమరిక, సాంద్రత చూచి అచటి శాస్త్రజ్ఞులు ఒక ప్రమాణపత్రము వ్రాయగా, వేల మైళ్ళ దూరమున శేషాచలపు చెట్టు ధర కొండెక్కినది. ధర కొండెక్కినపుడు గొడ్డలియు కొండ ఎక్కును. ఆ గొడ్డలి పట్టినవారిలో అధికులు పేద కూలీలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలపు అడవిలో పోలీసు కాల్పులలో 20 మంది మరణించిరి. వారు తమిళనాడునుండి వచ్చినవారు. ఈ వర్తకపు లెక్కలలో ఏ గడిలోను వారికి చోటు లేదు.

ప్రజలలో ఈ వర్తకమును గూర్చి నేడున్న ఊహలకు ప్రధానమైన ఆధారము మాత్రము 2021 డిసెంబరులో విడుదలయైన ‘పుష్ప’ చలనచిత్రము. సుకుమారు దర్శకత్వము వహించిన ఈ చిత్రము చిత్తూరు జిల్లా పలుకుబడిని దేశమంతట వినిపించినది. కూలీల బ్రదుకును, దళారుల వరుసను చూపుటలో అది పత్రికల వార్తలకంటె ముందున్నది. జపాను వాద్యముతో కథను ముడిపెట్టుట కూడ ఆధారమున్న విషయమే. కాని దుంగలు ఏటి నీటిమీద తేలియాడుచు కొట్టుకొనిపోవు దృశ్యమున్నదే, అచట విజ్ఞానశాస్త్ర విద్యార్థి లేచి నిలబడవలెను. చేవ సాంద్రత నీటికంటె ఎక్కువ. పైనున్న చేవపట్టని తెల్లకొయ్య కొంత తేలిక గావచ్చును గాని, దానిని చెక్కివేసిన తరువాతనే దుంగను తరలింతురు. అట్టి దుంగ ఏటి అడుగున పడియుండును. ఇంగ్లీషు ఓడలు దీనిని అడుగున వేసికొనుటకు కారణమైన గుణమునే చిత్రము మరచినది. తప్పు చిన్నదే, కోట్లమంది చూచినందున పాఠమునకు మంచి ఉదాహరణము.

అణురియాక్టర్ల పుకారునకు చలనచిత్రము బాధ్యత వహింపనక్కరలేదు. అది చాలకాలముగా తిరుగుచున్నదే. కొయ్యలో నున్నవి ప్రధానముగా కర్బనము, ఉదజని, ఆమ్లజని. గామా కిరణములను ఆపుటకు బరువైన పరమాణువులు, అధిక సాంద్రత కావలెను. సీసపు సాంద్రత 11.3, ఎర్రచందనపు చేవ 1.1. న్యూట్రానులను నెమ్మదింపజేయుటకు ఉదజని పనికివచ్చును, నిజమే. కాని ఆ పనిని నీరు, పారఫిను మైనము ఎంతో చవుకగా చేయును. కర్ర ధర పెరుగుటకు వాద్యము, ఆసనము, ఆడంబరము చాలును, అణుశక్తిని పిలువనక్కరలేదు. ఐనను ఇట్టి పుకారు ఎందుకు నిలిచినది? విదేశీయుడు ఇంత ధర పెట్టుచున్నాడనగా మనకు తెలియని గొప్ప రహస్యమేదో అందులో నున్నదను భావము మనలో పాతుకొనియున్నది. కర్ర గుణములను ఇచట ఎవరును వివరింపకపోవుటయే ఆ భావమునకు నీరు పోసినది.

చివరకు అంతర్జాతీయ పత్రములు. 1995లో ఈ జాతి వన్యజాతుల వర్తకపు ఒడంబడిక రెండవ అనుబంధములో చేరెను; అప్పటినుండి దేశము దాటు ప్రతి సరుకునకు అనుమతిపత్రము కావలెను. 2004 మొదలుకొని భారతదేశపు ఎర్రచందనపు వర్తకము ఆ ఒడంబడిక వారి ప్రత్యేక సమీక్షలో నుండెను. 2023 నవంబరులో దానినుండి విడుదల లభించినది. ఈ నడుమ, పట్టుబడిన దుంగలు ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ గోదాములలో పేరుకొనిపోగా, 2013లో కేంద్రప్రభుత్వము ఒక్క పర్యాయమునకు మినహాయింపు నిచ్చి సుమారు 8,584 టన్నుల ఎగుమతికి అనుమతించెను. ఈ పత్రములు వాట్ కోశమున కంటె ఎంతో ముందడుగు. జాతి మనుగడ అను మాట వర్తకపు కాగితములలో కెక్కినది. ఐనను ప్రధానమైన కొలత టన్నే.

టన్ను అనగానేమో విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చును. 2 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వ్యాసముగల చేవదుంగ ఘనపరిమాణము సుమారు 0.063 ఘనపు మీటర్లు. బరువు దాదాపు 69 కిలోలు. 8,584 టన్నులలో అట్టి దుంగలు రమారమి 1,24,000 ఉండును. ఊహకొరకు తీసికొనిన ఈ దుంగలన్నియు ఒకే కొలత కలవి. అసలు గుట్టలో ముప్పదియేండ్ల చెట్టును ఉండును, నూరేండ్ల చెట్టును ఉండును. తూకమునకు రెండును ఒకటే. రాతినేలలో మెల్లగా పెరిగిన చెట్టు చేవకును, నీరుపోసి పెంచిన తోట చెట్టు చేవకును భేదము టన్నులో కనబడదు.

అంచనాల తడబాటు దీనివలననే. ప్రకృతి సంరక్షణ సంఘము వారి ఎర్రజాబితాలో ఈ జాతి 1998లో ఆపన్నము. 2018లో దానిని ఒక మెట్టు దింపి ముప్పునకు సమీపమున నున్నదనిరి. 2021 అంచనాలో మరల ఆపన్నమనిరి. ఇంత మెల్లగా పెరుగు చెట్టు ఇరువదిమూడేండ్లలో రెండుమార్లు స్థితి మారునా? మారినది అడవి మాత్రమే కాదు, లెక్కించు తీరును మారినది. పట్టుబడిన దుంగల లెక్క టన్నులలో చక్కగా లభించును. నిలిచియున్న చెట్ల చుట్టుకొలత వయోభేదములతో అంత చక్కగా లభింపదు.

2023 విడుదల తరువాత తోటల ఎర్రచందనముపై రైతులకు ఆశ పెరిగినది. చిత్తూరు, తిరుపతి, కడప ప్రాంతములలో పొలముల గట్లమీదను, తోటలుగను దీనిని నాటినవారు కలరు. వారు అడుగు మొదటి ప్రశ్న: ఎన్నేండ్లకు కోయవచ్చును? మొక్కలమ్మువాడు ఒక సంఖ్య చెప్పును, పొరుగు రైతు వేరొకటి చెప్పును. చెట్టు లావగుటకును చేవ పట్టుటకును సంబంధము నేలనుబట్టి మారును. పైకి లావుగా కనబడు తోట చెట్టులో తెల్లకొయ్యయే అధికముగా నుండవచ్చును. శతాబ్దుల వర్తకచరిత్ర యున్న కర్రకు ఈ ప్రశ్నమీద పలమనేరు నేలకొక పట్టిక, కోడూరు నేలకొక పట్టిక నేటికిని రైతుచేతికి రాలేదు. అట్టి పట్టికకు కావలసిన మొదటి పరికరము ఒక కొలతటేపు. నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున చెట్టు మాను చుట్టుకొలత తీసి, అదే చోట రంగుతో గుర్తుపెట్టి, ఏటేట అదే నెలలో మరల కొలిచి వ్రాయవలెను. వానకాలమునకు ముందొకమారు, తరువాత నొకమారు కొలిచినచో ఎదుగుదల ఏ ఋతువులో జరుగుచున్నదో కూడ తెలియును. పాఠశాల ఆవరణలో ఎర్రచందనపు మొక్క యున్నచోట ఈ పుస్తకమును ఎనిమిదవ తరగతి విద్యార్థులు ప్రారంభించి, తరువాతి తరగతికి అప్పగించుచు పోవచ్చును.